కనిపించని వైరస్‌కు ఏ బొమ్మ గీయాలి?

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" 2000ల తొలి సంవత్సరాల్లో తెలుగునాట రోడ్లమీద తిరిగినవాళ్లు ఈ ప్రశ్నను మర్చిపోయి ఉండరు. ఎయిడ్స్ ప్రచారం కోసం పెట్టిన హోర్డింగుల మీద మొదట్లో పెద్దక్షరాల్లో ఆ ప్రశ్నే ఉండేది. పులిరాజా ఎవరు, అతనికి ఎయిడ్స్ వస్తే మనకేంటి అనే సంగతి ఉండేది కాదు. టీకొట్ల దగ్గర జనమే దానికి జవాబులు అల్లుకున్నారు. తమిళనాడులోనూ ఇదే పేరుతో, ముంబయిలో 2002 చివర్లో బల్బీర్ పాషా పేరుతో ఇలాంటి ప్రచారమే నడిచింది. ముంబయి ప్రచారాన్ని నడిపింది పాపులేషన్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ.

ఆ హోర్డింగుల తెలివి అవి గీయకుండా వదిలేసినదాంట్లో ఉంది. వైరస్ లేదు, రోగి లేడు, పుర్రె లేదు. ఒక పేరు, దాని పక్కన ఒక అనుమానం, అంతే. అయితే ముంబయిలో తరువాత వచ్చిన పోస్టర్లు కథను ముందుకు నడిపాయి. బల్బీర్ ఎప్పుడూ మంజుల దగ్గరికే వెళ్తాడు, కానీ మంజుల దగ్గరికి ఇంకా చాలామంది వస్తారు అని చెప్పాయి. అక్కడ మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. జబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అనే ప్రశ్నకు పోస్టర్ ఒక ఆడమనిషి పేరును జవాబుగా ఇచ్చేసిందని వాటి వాదన. ఆ వాదన సరైనదే.

ఎయిడ్స్ పోస్టర్ల చరిత్ర అంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది. వైరస్ కంటికి కనిపించదు. సోకిన మనిషి ఏళ్ల తరబడి మామూలుగానే ఉంటాడు. పోస్టర్‌కేమో ఏదో ఒక బొమ్మ కావాలి. వైరస్ స్థానంలో ఏది గీస్తే, చూసేవాడి మనసులో అదే జబ్బుగా స్థిరపడిపోతుంది. సమాధి గీస్తే జబ్బు అంటే చావు. ఆడమనిషిని గీస్తే జబ్బు అంటే ఆమె. బక్కచిక్కిన మనిషిని గీస్తే బక్కచిక్కిన ప్రతివాడూ అనుమానితుడు, ఒళ్లు చేసిన ప్రతివాడూ క్షేమం. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఆట్‌వాటర్ అనే వైద్యుడు సేకరించిన ఎనిమిది వేలకు పైగా ఎయిడ్స్ పోస్టర్లు భద్రంగా ఉన్నాయి. దేశాలు, భాషలు వేరైనా చిత్రకారులు ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం ఇదే: వైరస్‌కు బదులు ఏం గీయాలి?

భయం గీసినవాళ్లు

ఇది ఎయిడ్స్‌తో మొదలైన అలవాటు కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సుఖరోగాల గురించి అమెరికా సైనికుల కోసం వేసిన ఒక పోస్టర్‌లో పక్కింటి పిల్లలా నవ్వుతున్న అమ్మాయి ఉంటుంది. ఆమె శుభ్రంగానే కనిపించవచ్చు, కానీ... అని పైన హెచ్చరిక. సిపాయి ప్రమాదంలో ఉన్నవాడు, అమ్మాయి ప్రమాదం. 1980ల చిత్రకారులకు ఈ అచ్చు సిద్ధంగా దొరికింది.

బ్రిటన్ ప్రభుత్వం 1986-87లో చేసిన ప్రచారంలో రాతిపలక మీద ఎయిడ్స్ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి, అచ్చం సమాధిరాయిలా. అజ్ఞానంతో చావకండి అనేది నినాదం. అదే సందేశంతో ఇంటింటికీ కరపత్రం కూడా పంపారు. ఈ కరపత్రం సంగతి జనం తక్కువగా గుర్తుంచుకుంటారు కానీ, ఆ ప్రచారానికి బలం అదే. రాయి భయపెడితే, ఏం చేయాలో కరపత్రం చెప్పింది.

ఆస్ట్రేలియాలో 1987లో వచ్చిన టీవీ ప్రకటనలో కనిపించింది భయమే. నల్ల ముసుగు వేసుకున్న మృత్యువు బౌలింగ్ ఆటలో బంతి విసురుతుంటే పిన్నుల స్థానంలో ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు కూలిపోతారు. ఎవరికైనా రావచ్చని చెప్పడమే ఉద్దేశం. కానీ చాలామంది ఆ మృత్యువునే స్వలింగ సంపర్కులైన మగవాళ్లుగా చదువుకున్నారు. కూలిపోయేవాళ్లలో తమను చూసుకున్న ప్రేక్షకులు కూల్చేవాడి కోసం చుట్టూ వెతికారు. ముసుగు వెనక ముఖం లేదు కాబట్టి, అప్పటికే తమకు పడనివాళ్ల ముఖం దానికి తగిలించారు.

ఫ్రాన్స్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ పోస్టర్లలో మనుషులు పెద్ద తేలుతో, పెద్ద సాలీడుతో పడక పంచుకుంటారు. ఫోటో పనితనం అద్భుతం. కానీ ఆ పడకలో తేలు స్థానంలో ఉండేది హెచ్ఐవీతో జీవిస్తున్న మనిషే గదా! జర్మనీలో 2009లో ఇంకా ముందుకెళ్లి ఆ స్థానంలో హిట్లర్‌ను పెట్టారు. హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ల కోసం పనిచేసే సంఘాలు దాన్ని తీవ్రంగా ఖండించాయి. మమ్మల్ని సామూహిక హంతకులతో పోలుస్తారా అనేది వాళ్ల ప్రశ్న.

భయం పనిచేయదని చెప్పడం సులువే, కానీ అది పూర్తి నిజం కాదు. 1953లో జానిస్, ఫెష్‌బాక్ అనే మనస్తత్వవేత్తలు పళ్ల శుభ్రత మీద విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. బాగా భయపెట్టే పాఠం విన్న పిల్లలే అందరికంటే తక్కువగా సలహా పాటించారు. తరువాత 1992లో కిమ్ విటే అనే పరిశోధకురాలు దీన్ని ఇంకా విడమరిచి చెప్పారు. భయపడ్డ మనిషి ముందు రెండు దారులుంటాయి. ప్రమాదాన్ని తప్పించుకునే ఉపాయం తన చేతిలో ఉందనిపిస్తే ఆ పని చేస్తాడు. లేదనిపిస్తే ఆ భయాన్నే తప్పించుకుంటాడు. అంటే చూపు తిప్పుకుంటాడు, నాకేం కాదులే అనుకుంటాడు, లేదా తప్పు వేరేవాళ్ల మీదకు నెడతాడు. పుర్రె బొమ్మ వేసి కింద "ఎయిడ్స్‌కు మందు లేదు" అని రాసిన పోస్టర్లు మన ఊళ్లలోనూ చాలాకాలం ఉన్నాయి. అలాంటి పోస్టర్ చూసి పరీక్ష చేయించుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? ఫలితం తెలిసినా చేసేదేమీ లేదని పోస్టరే చెబుతోంది.

కాబట్టి భయం వాడక తప్పదనుకుంటే ఒక కొలత పెట్టుకోవాలి. భయపెట్టే మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో, చేయాల్సిన పని కూడా అంతే పెద్దగా ఉండాలి. ఆ పని ఈ వారంలో చేయగలిగేదిగా ఉండాలి. "జాగ్రత్తగా ఉండండి" అనేది పని కాదు. "ఐసీటీసీలో రక్తపరీక్ష ఉచితం, పేరు బయటపెట్టరు, గది నంబరు ఇది, సమయం ఇది" అనేది పని. (ఐసీటీసీ అంటే హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రం.)

మనిషిని తప్పించి గుర్తుతో చెప్పినవాళ్లు

1987లో న్యూయార్క్ గోడల మీద ఒక నల్ల పోస్టర్ వెలిసింది. మధ్యలో గులాబీ రంగు త్రికోణం, కింద తెల్లక్షరాల్లో మౌనం = మరణం. ఆరుగురు మిత్రులు కలిసి తయారుచేశారు. కొద్దికాలానికే ఆక్ట్ అప్ అనే ఉద్యమ సంస్థ దాన్ని తన జెండాగా చేసుకుంది. నాజీ శిబిరాల్లో స్వలింగ సంపర్కుల చొక్కాలకు కుట్టిన గులాబీ త్రికోణం మొన కిందికి ఉండేది. వీళ్లు మొనను పైకి తిప్పారు. అవమానపు గుర్తును తలెత్తుకునే గుర్తుగా మార్చారు.

ఈ పోస్టర్‌లో చిత్రకారులు నేర్చుకోవాల్సిన పనితనం ఒకటి ఉంది. దీన్ని రెండు దూరాల నుంచి చదవాలి. రోడ్డు దాటేవాడికి త్రికోణం, సమీకరణం మాత్రమే కనిపిస్తాయి. అదేమిటా అని దగ్గరికి వచ్చినవాడికి అడుగున చిన్నక్షరాల్లో రీగన్ ప్రభుత్వం ఎయిడ్స్ గురించి ఎందుకు మాట్లాడటంలేదనే ప్రశ్న, కోపాన్నీ భయాన్నీ దుఃఖాన్నీ కార్యాచరణగా మార్చండనే పిలుపు కనిపిస్తాయి. పెద్దక్షరాలు ఆపుతాయి, చిన్నక్షరాలు మాట్లాడతాయి. మన దగ్గర అన్నీ ఒకే సైజులో కుక్కి నింపే పోస్టర్లకు లేనిది ఈ విభజనే.

ఆ గుర్తును యథాతథంగా హైదరాబాద్‌కు తెస్తే ఏమయ్యేది? త్రికోణం చూడగానే ఇక్కడి పెద్దవాళ్లకు కుటుంబ నియంత్రణ గుర్తుకొస్తుంది. 1960ల చివర నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడలమీద, నిరోధ్ పొట్లాల మీద మొన కిందికి ఉన్న ఎర్ర త్రికోణమే ఉండేది మరి. అక్కడ పోరాటాన్ని గుర్తుచేసే ఆకారం ఇక్కడ ఇద్దరు పిల్లలు చాలనే ప్రభుత్వ సలహా. గుర్తులకు పాస్‌పోర్టు ఉండదు. చూసేవాడి జ్ఞాపకంలో ఏముందో అదే వాటి అర్థం.

స్విట్జర్లాండ్ 1987లో మొదలుపెట్టిన స్టాప్ ఎయిడ్స్ ప్రచారంలో స్టాప్ అనే ఇంగ్లిష్ మాటలోని ఓ అక్షరం స్థానంలో చుట్టి ఉన్న కండోమ్‌ను పెట్టారు. వైరస్ లేదు, మనిషి లేడు, నీతిబోధ లేదు. చేయాల్సిన పనే అక్షరంగా మారింది. ప్రపంచంలోని ఎయిడ్స్ పోస్టర్లలో అతి తక్కువ గీతలతో అతి ఎక్కువ చెప్పిన బొమ్మ ఇదేనని మా అభిప్రాయం. ఇలాంటి ఆటకు తెలుగు లిపి ఇంకా అనువైనది. మన అక్షరాలన్నీ గుండ్రాలే. కండోమ్‌లోని సున్నా ఒక్కటే సరిపోతుంది, దానికోసం ఇంగ్లిష్ అక్షరం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఎర్ర రిబ్బన్ 1991లో న్యూయార్క్‌లోని విజువల్ ఎయిడ్స్ అనే కళాకారుల బృందం నుంచి వచ్చింది. ఎవరైనా వాడుకునేలా దానిమీద హక్కులేవీ పెట్టుకోలేదు. అందుకే అది ప్రపంచమంతా పాకింది. అందుకే అరిగిపోయింది కూడా. రిబ్బన్ ఒక్కటే వేసి "ఎయిడ్స్‌పై అవగాహన" అని రాస్తే అది పోస్టర్ కాదు, బోర్డు.

మనిషినే గీసి గెలిచినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో ఆదివాసీ ఆరోగ్య కార్యకర్తలు 1987లో కండోమ్యాన్ అనే వీరుణ్ని సృష్టించారు. ఆదివాసీ పాఠకుల్లో ఫాంటమ్ కామిక్స్‌కు ఉన్న ఆదరణ తెలిసి, కండలు తిరిగిన నల్లజాతి వీరుణ్ని చేతిలో కండోమ్‌తో నిలబెట్టారు. సిగ్గుపడొద్దు, ముందుకురా అని అర్థం వచ్చే నినాదం వాళ్ల మాటతీరులోనే ఉంది. ప్రభుత్వ మృత్యుదేవత టీవీలో అందరినీ కూలగొడుతున్న ఏడాదే, అదే దేశంలో కొంతమంది తమవాళ్లను తామే వీరుడిగా గీసుకున్నారు. ఆ బొమ్మలో జబ్బుకు ముఖం లేదు, జాగ్రత్తకు ఉంది. 1989లో గ్రాన్ ఫ్యూరీ అనే ఉద్యమ కళాకారుల బృందం అమెరికా సిటీ బస్సుల మీద వేసిన పోస్టర్‌లోనూ అంతే. మూడు జంటలు ముద్దు పెట్టుకుంటూ ఉంటాయి, ముద్దు చంపదు, దురాశ, ఉదాసీనత చంపుతాయి అని పైన రాత. ఒకే పోస్టర్‌లో ఒక అపోహ పోగొట్టి, అసలు నేరం ఎవరిదో కూడా చెప్పారు.

నిజమైన ముఖం పెట్టాలా?

1990లో లైఫ్ పత్రికలో థెరీస్ ఫ్రేర్ తీసిన ఫోటో వచ్చింది. ఎయిడ్స్‌తో చనిపోతున్న డేవిడ్ కిర్బీని తండ్రి పొదివి పట్టుకున్న దృశ్యం అది. 1992లో బెనెటన్ దుస్తుల కంపెనీ ఆ నలుపు తెలుపు ఫోటోకు రంగులద్ది తన ప్రకటనగా వాడింది. కుటుంబం అనుమతి ఉంది. అయినా చావును స్వెట్టర్లు అమ్ముకోవడానికి వాడతారా అని గొడవ జరిగింది. ఆ తండ్రి చేయి మాత్రం ఒక పని చేసింది. ఎయిడ్స్ ఉన్నవాణ్ని ముట్టుకోవచ్చా అనే అనుమానానికి లక్షల మంది కళ్లముందు జవాబిచ్చింది.

మన దేశంలో ఇలాంటి పని చేయాలంటే ఇప్పుడు చట్టం చూసుకోవాలి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరికి హెచ్ఐవీ ఉందని వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. అక్షరాలతో గానీ బొమ్మలతో గానీ వాళ్లపై ద్వేషం కలిగించే ప్రచారం చేయకూడదు. ఫోటో పెట్టాలంటే రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. అందులో ఏ సైజు, ఏ ఊళ్లు, ఎన్నాళ్లు అనేది వివరంగా ఉండాలి. ముఖ్యంగా ఇంటర్నెట్‌లో పెడతారా లేదా అనేది విడిగా అడగాలి. గోడమీద పోస్టర్ వానకు చిరిగిపోతుంది, ఇంటర్నెట్‌లోది చిరగదు. ఇంకో తప్పు ఫోటోలు కొనుక్కునేవాళ్లు చేస్తారు. మార్కెట్లో దొరికే మోడల్ ఫోటో తెచ్చి కింద "నాకు హెచ్ఐవీ ఉంది" అని రాస్తారు. ఇలాంటి సున్నితమైన విషయాలకు వాడటాన్ని అలాంటి ఫోటోల లైసెన్సులు సాధారణంగా ఒప్పుకోవు. ముందు లైసెన్సు చదవాలి.

తెలుగులో రాసేటప్పుడు

బొమ్మ కంటే మాట ఎక్కువ దెబ్బతీసే భాష మనది. "ఎయిడ్స్ అంటువ్యాధి కాదు" అని ఎన్నో పోస్టర్లలో రాశారు. వైద్యపరంగా అది గందరగోళం, ఎందుకంటే ఒకరి నుంచి ఒకరికి వస్తుంది గదా. తాకితే రాదు అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. కానీ "అంటు" అనగానే మన ఊళ్లలో మైల, అంటరానితనం కూడా వెంటే వస్తాయి. కాదు అని చెప్పడానికైనా ఆ మాట వాడితే ఆ వాసన అంటుకుంటుంది. "సోకడం" కొంత మేలు, అయినా దానికీ గాలి సోకింది, దిష్టి సోకిందనే నీడ ఉంది. "హెచ్ఐవీ తాకితే రాదు, కలిసి తింటే రాదు" అని పనులు పేర్కొని చెప్పడమే అన్నిటికంటే శుభ్రం.

"ఎయిడ్స్ రోగి", "బాధితుడు" అనే మాటలు మానేసి "హెచ్ఐవీతో జీవిస్తున్నవారు" అనడం మర్యాద కోసం మాత్రమే కాదు, వాస్తవం కూడా. మందులు వాడుతున్న మనిషి రోగిగా పడుకుని ఉండడు, పొద్దున్నే ఆఫీసుకెళ్తాడు. "అక్రమ సంబంధాల వల్ల ఎయిడ్స్ వస్తుంది" అనే వాక్యం ఇంకా ప్రమాదం. పెళ్లయిన ఇల్లాలు అది చదివి నాకేం సంబంధం అనుకుంటుంది. మనదేశంలో చాలామంది ఆడవాళ్లకు హెచ్ఐవీ వచ్చింది భర్త నుంచే. నీతి తప్పినవాళ్ల జబ్బని రాసిన పోస్టర్ ఆమెకు ప్రమాదం తెలియకుండా చేస్తుంది, వచ్చాక నింద మాత్రం మోయిస్తుంది. ఉగాండాలో పశువును పెరట్లోనే కట్టి మేపే పద్ధతి పేరును తీసుకుని, బయట మేత వద్దు అని ప్రచారం చేశారు. అక్కడి రైతులకు అది వెంటనే అర్థమైంది. మన దగ్గర అదే సామెతగా పెడితే భార్యలను గడ్డిమేతతో పోల్చినట్టు వినిపిస్తుంది. పరాయి ప్రచారం నుంచి పద్ధతి తెచ్చుకోవచ్చు, పోలిక మాత్రం ఇక్కడిదే వెతుక్కోవాలి.

ఇక ఇంటూ గుర్తు. కరచాలనం బొమ్మ వేసి, దానిమీద ఎర్ర ఇంటూ కొట్టి, "ఇలా రాదు" అని కింద రాస్తారు. చదవడం రానివాడికి ఆ బొమ్మ "చేతులు కలపవద్దు" అని చెబుతుంది. దోమ బొమ్మదీ అదే గతి. దోమ వల్ల రాదని చెప్పడానికి ఎయిడ్స్ పోస్టర్‌లో దోమను పెద్దగా గీస్తే, వారం తరువాత మనసులో మిగిలేది ఎయిడ్స్, దోమ అనే జోడీయే. మలేరియా పోస్టర్ల అలవాటు దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. రాని దారులను కొట్టివేతలతో చూపడం పూర్తిగా మానేయాలి. ఒకే పళ్లెంలో తింటున్న అన్నదమ్ములను, పక్కింటివాళ్లతో ముచ్చట్లాడుతున్న ఆమెను మామూలుగా గీస్తే చాలు.

హైదరాబాద్‌లో తెలుగు ఒక్కటే సరిపోదు. ఉర్దూ రెండో అధికార భాష, పాతబస్తీలో మొదటి భాష. తెలుగు పోస్టర్‌లో మాటలు తీసి ఉర్దూ అతికిస్తే పని అయిపోయిందనుకుంటారు. కానీ ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతారు. ఎడమన నీరసంగా ఉన్న మనిషి, మధ్యలో ఆస్పత్రి, కుడివైపు ఆరోగ్యంగా ఉన్న మనిషి అని మూడు గడులు గీస్తే, ఉర్దూ పాఠకుడు ఆరోగ్యంగా ఉన్నవాడు ఆస్పత్రికి వెళ్లి నీరసించిపోయాడని చదువుతాడు. గడుల వరుస తిప్పాలి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి వరుసకు ఎత్తు కూడా ఎక్కువ వదలాలి.

అచ్చు, కాగితం, గోడ

ఒక అంగుళం ఎత్తున్న అక్షరం పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు అనేది పెయింటర్ల పాత లెక్క. తెలుగులో ఈ లెక్క వేసేటప్పుడు పొరపాటు జరుగుతుంది. కంప్యూటర్‌లో ఫాంటు సైజు అంటే దాదాపు పై గుడి నుంచి కింది ఒత్తు దాకా మొత్తం ఎత్తు. మధ్యలో ఉండే అసలు అక్షరం అందులో సగం చుట్టూ ఉంటుంది. కాబట్టి అచ్చు తీసి, "అ" లాంటి ఒత్తులేని అక్షరాన్ని స్కేలుతో కొలవాలి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు వదిలినంత వదిలితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. ఫాంటు సైజుకు కనీసం ఒకటింబావు, ఒకటిన్నర రెట్లు వదలాలి. కదిలే బస్సులో నుంచి చూసే హోర్డింగ్‌కు ఆరేడు మాటలు మించకూడదు.

ఫాంటు విషయంలో మరో గండం. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. యూనికోడ్‌లో రాసి పంపిన వాక్యాన్ని వాళ్లు మార్చుకునేటప్పుడో, పాత ఫోటోషాప్‌లో అతికించినప్పుడో ఒత్తులు విడిపోతాయి. రక్తం రక్‌తం అవుతుంది, స్త్రీ మూడు ముక్కలవుతుంది. అందువల్ల ప్రూఫ్ రెండుసార్లు చూడాలి. రాసినప్పుడు ఒకసారి, ఫైలును కర్వ్స్‌లోకి (అక్షరాలను గీతల బొమ్మలుగా) మార్చి ప్రెస్సుకు పంపే ముందు ఇంకోసారి. రెండోసారి చూడకుండా వదిలేస్తే వేల కాపీలు తప్పుతోనే గోడెక్కుతాయి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరును ఆ చివరి ఫైలులో చూసి, ఫోన్‌లో నొక్కి సరిచూసుకోవాలి.

కాగితం ఎక్కడ అతికిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. 23×36 అంగుళాల షీటులో 18×23 పోస్టర్లు రెండు వస్తాయి, వృథా తక్కువ. ఆస్పత్రి లోపలికి 130 లేదా 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ పేపర్ బాగుంటుంది. బయట గోడకు అతికించేదానికి అంత మందం పనికిరాదు, జిగురు పీల్చుకోక అంచులు లేస్తాయి. 70 జీఎస్ఎం మ్యాప్‌లితో, అంటే నునుపు పూత లేని మామూలు కాగితం చాలు. సినిమా పోస్టర్లు అతికించేవాళ్లు వాడే మైదా జిగురే దీనికీ. కిలో మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఆరేడు లీటర్ల నీళ్లలో పోసి, చిక్కబడేదాకా తిప్పాలి. పురుగు పట్టకుండా కొంచెం మైలతుత్తం కలుపుతారు. అది విషం, చేతులకు తొడుగులుండాలి, పశువులకు అందకూడదు. గోడ యజమాని అనుమతి లేకుండా అతికిస్తే జీహెచ్ఎంసీ జరిమానా వేస్తుంది.

ఎండ రంగులను సమంగా తినదు. ప్రెస్సులో వాడే నాలుగు ఇంకుల్లో పసుపు, మెజెంటా ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. ఎరుపు పుట్టేది ఆ మొదటి రెండింటితోనే. అందుకే రెండు వేసవులు చూసిన పోస్టర్‌లో ఎర్ర రిబ్బన్ పాలిపోయి, మనుషుల ముఖాలు నీలంగా శవాల్లా కనిపిస్తాయి. ఆరోగ్యం గురించిన పోస్టర్‌కు అంతకంటే చెడ్డ గతి లేదు. ఎండ పడే చోట ముఖ్యమైన మాటలు నలుపులో ఉంచాలి, వేసవి దాటగానే పోస్టర్ మార్చాలి.

ఆస్పత్రి కారిడార్లలో ఇంకో ఇబ్బంది. నిగనిగలాడే లామినేషన్ మీద ట్యూబ్‌లైట్ పడి సగం అక్షరాలు కనిపించవు. మ్యాట్ చేయించాలి. సన్‌బోర్డు మీద వినైల్ అంటించి డబుల్ టేపుతో తగిలిస్తే డిస్టెంపర్ గోడ పొడి రాలి నెలలో కింద పడుతుంది. నాలుగు మూలలా స్క్రూలు వేయించడమే శ్రేయస్కరం. గది నంబరు, సమయాలు అచ్చు వేయకుండా తెల్లటి గడి వదిలి, మార్కర్‌తో రాసుకునేలా చేయాలి. ఐసీటీసీ గది మారినా పోస్టర్ అబద్ధం చెప్పదు.

ఎక్కడ పెట్టాలి అనేది ఎలా ఉంది అనేదానికంటే ఎక్కువ తేలుస్తుంది. గాంధీ ఆస్పత్రి ఓపీ వరుసలో, పదిమంది ముందు ఆగి ఎయిడ్స్ పోస్టర్ చదివే ధైర్యం చాలామందికి ఉండదు. చదువుతున్నాడంటే ఏదో ఉందనుకుంటారని భయం. ఇమ్లీబన్ బస్టాండు మూత్రశాలలో కళ్ల ఎత్తులో పెట్టినది, లాడ్జీ గది తలుపు లోపలివైపు అంటించినది ఒంటరిగా చదువుతారు. వైద్య సిబ్బందికి మాత్రం తద్విరుద్ధం. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో చెప్పే పోస్టర్ ల్యాబులో, ప్రసూతి గదిలో అందరికీ కనిపించేలా ఉండాలి, అందులో మాటలు ఎక్కువున్నా పర్వాలేదు. సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మందు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. మందు ఏ గదిలో, రాత్రి ఎవరి దగ్గర దొరుకుతుందో అక్కడే రాయాలి. అర్ధరాత్రి గుచ్చుకున్న సూదికి పగటి పూట ఓపీ గది నంబరు పనికిరాదు.

అచ్చుకు ముందు పరీక్ష తప్పనిసరి. ఎవరికోసం వేశారో ఆ మనుషులను పది పన్నెండు మందిని, విడివిడిగా. మాటలు కాగితంతో కప్పి బొమ్మ మాత్రం చూపి, ఇక్కడ ఏం జరుగుతోంది అని అడగాలి. తరువాత మొత్తం పోస్టర్ పది సెకన్లు చూపి తీసేసి, ఏం గుర్తుందని అడగాలి. ఇది ఎవరికోసం అనే ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. "తప్పుదారి పట్టినవాళ్లకు", "లారీ డ్రైవర్లకు" అని జవాబు వస్తే, అడిగిన మనిషి తనను అందులో చూసుకోలేదన్నమాట. బాగుందా, నచ్చిందా అని మాత్రం అడగకూడదు. మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. దక్షిణాఫ్రికాలో 1999లో మొదలైన లవ్‌లైఫ్ ప్రచారం హోర్డింగులు గడుసుగా, ఆకర్షణీయంగా ఉండేవి. చూసినవాళ్లకు అవి ఏం చెబుతున్నాయో అంతుపట్టడంలేదని విమర్శ వచ్చింది.

ఇప్పుడు గీయాల్సింది ఇంకా కష్టం

2016 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఒక కొత్త సందేశం నడుస్తోంది. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలిచిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్ఐవీ ఇతరులకు సోకదు. ఇంగ్లిష్‌లో దీన్ని రెండు యూ అక్షరాలు (అన్‌డిటెక్టబుల్, అన్‌ట్రాన్స్‌మిటబుల్ అనే మాటల మొదటి అక్షరాలు), మధ్యలో సమాన గుర్తుతో ముగించారు. తెలుగులోకి ఆ అక్షరాల ఆట రాదు. "కనిపించకపోతే సోకదు" అని కొందరు అనువదిస్తారు. ఇది ప్రమాదకరమైన వాక్యం. ముప్పై ఏళ్లుగా మన పోస్టర్లన్నీ "చూస్తే తెలియదు, పరీక్షతోనే తెలుస్తుంది" అని చెబుతూ వచ్చాయి. ఇప్పుడు కనిపించకపోతే సోకదంటే, పైకి జబ్బు కనిపించనివాడితో భయం లేదని చదువుకుంటారు. "వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ దొరకకపోతే, భాగస్వామికి సోకదు" అని పరీక్ష పేరు చెప్పి రాయాలి. సూదులు పంచుకోవడానికి ఈ మాట వర్తించదని చిన్నక్షరాల్లోనైనా ఉండాలి.

బొమ్మ విషయంలో మళ్లీ మొదటికొచ్చాం, ఇంకో మెట్టు పైన. అప్పుడు కంటికి కనిపించని వైరస్‌ను గీయాలి, ఇప్పుడు పరీక్షకే దొరకని వైరస్‌ను గీయాలి. రాత్రి భోజనాల దగ్గర గోడ గడియారం, నీళ్ల గ్లాసు, పక్కన ఒక మాత్ర, భార్యాభర్తలు, పిల్లలు ఉంటే సరిపోతుంది. ఎవరికి హెచ్ఐవీ ఉందో బొమ్మలో తెలియకూడదు. పరీక్షించేటప్పుడు అదే అడగాలి: వీళ్లలో ఎవరికుందనుకుంటున్నారు? పన్నెండు మందీ ఒకే మనిషిని చూపిస్తే బొమ్మ మార్చాలి. ఆమె చీర రంగో, అతని కళ్ల కింద నీడో ఏదో చెప్పేస్తోందన్నమాట.

హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం లోపలి గోడకైతే ఆ బొమ్మ కింద తరువాతి వైరల్ లోడ్ పరీక్ష తేదీ అడగమని ఒక్క వాక్యం రాస్తే చాలు. బస్టాండు గోడకు వైరల్ లోడ్ అనే మాటే కొత్త. అక్కడ అదే బొమ్మ కింద 1097 ఉండాలి, పదడుగుల నుంచి కనిపించేంత పెద్దగా, నలుపులో.